బూడిద వాడారు సరే, ఎక్కడ పోశారు?

(జిల్లా రైతు సంఘం కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అంశం థర్మల్ బూడిద. గత రెండు నెలల్లో నాలుగు ఊళ్ల నుంచి సంఘం ఆఫీసుకు దాదాపు ఒకే ప్రశ్న వచ్చింది. "బూడిద ఉచితంగా పోస్తామంటున్నారు, పోయించుకోవచ్చా?" అని. ఒక ఊళ్లో చెరువు కింద పల్లపు పొలాలు మెరక చేస్తామన్నారు. ఇంకో ఊళ్లో పాత గ్రావెల్ క్వారీ గుంట పూడుస్తామన్నారు. మూడో ఊళ్లో వెంచర్ వాళ్లు. నాలుగో ఊళ్లో అయితే ఎకరానికి ఇన్ని టిప్పర్లు చల్లితే దిగుబడి పెరుగుతుందని కాంట్రాక్టరే వ్యవసాయ పాఠం చెప్పిపోయాడట. దీనికి అవునని గానీ కాదని గానీ ఒక్క ముక్కలో జవాబు లేదు. బూడిద ఒకటే అయినా, దాన్ని దేంట్లో కలిపారు, ఎక్కడ పోశారు, దాని కింద నీళ్లు ఎంత లోతులో ఉన్నాయి అన్నదాన్ని బట్టి ప్రమాదం మారుతుంది. అందుకే కాస్త వివరంగా మాట్లాడతాను, ఓపిక పట్టండి.

మన దేశపు బొగ్గులో నూటికి ముప్పై నుంచి నలభై ఐదు పాళ్లు బూడిదే. వంద టన్నుల బొగ్గు తగలేస్తే ముప్పై, నలభై టన్నులు మిగులుతుంది. బొగ్గులో మండేది మండి గాలిలో కలుస్తుంది, మండనిది కిందికి వస్తుంది. ఆర్సెనిక్, సెలీనియం, బోరాన్, మాలిబ్డినం, క్రోమియం, సీసం లాంటివి బొగ్గులో కొంచెం కొంచెంగా ఉన్నవి బూడిదలో రెండు మూడింతలు చిక్కబడతాయి. పొగగొట్టానికి ముందే యంత్రాలతో పట్టేది ఫ్లై యాష్, అంటే పొడి బూడిద. దీన్ని సిమెంటు ఫ్యాక్టరీలు డబ్బిచ్చి బల్కర్లలో తోలుకుపోతాయి. మిగిలిన పొడి బూడిదను, బాయిలర్ అడుగున పడే గరుకు బూడిదను నీళ్లలో కలిపి గొట్టాల ద్వారా బూడిద చెరువుకు పంపుతారు. మన ఊళ్లకు "ఉచితం" అని వచ్చేది ఎక్కువగా ఈ చెరువు బూడిదే.

ఈ ఉచితం సంగతి ముందు తేల్చుకుందాం. కేంద్ర పర్యావరణ శాఖ 1999 సెప్టెంబరు 14న బూడిద వాడకం మీద మొదటి నోటిఫికేషన్ ఇచ్చింది. ఇటుకల కోసం పంట భూముల పైమట్టి తవ్వేస్తున్నారు, దాన్ని ఆపాలి, మట్టికి బదులు బూడిద వాడాలి అన్నది దాని ఉద్దేశం. అంటే అది మన మట్టిని కాపాడటానికి వచ్చిన ఉత్తర్వు. అప్పట్లో వాడకం చాలా తక్కువ. 1996-97లో వచ్చిన బూడిదలో నూటికి పది పాళ్లు కూడా వాడలేదు. 2021-22 నాటికి ఏడాదికి 27 కోట్ల టన్నుల బూడిద వస్తే, నూటికి 96 పాళ్లు వాడేశామని ప్రభుత్వ లెక్క. ఆ ఏడాదిలోనే 2021 డిసెంబరు 31 నాటి నోటిఫికేషన్ వచ్చింది. వాడకుండా మిగిలిన ప్రతి టన్నుకు ప్లాంటు వెయ్యి రూపాయలు పర్యావరణ పరిహారం కట్టాలని అందులో ఉంది. ఇప్పుడు మీరే చెప్పండి, గేటు దాటించిన ప్రతి టన్నూ ఎవరికి లాభం? మన పొలంలో ఇరవై టన్నుల టిప్పర్ ఒకటి దింపితే ప్లాంటు లెక్కలో ఇరవై వేల పరిహారం తప్పినట్టు. అందుకే ఉచితం. ఈ సరుకు రవాణాకు ఎంత గిరాకీ ఉందో, రాయలసీమ థర్మల్ దగ్గర బూడిద కోసం 2024 చివర్లో నాయకుల వర్గాలు తలపడిన వార్తలు చదివినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

ఆ 96 శాతం లెక్కలో నాకు కనిపించే పెద్ద లోపం ఒకటుంది. సిమెంటులో కలిసిన టన్నూ ఒక టన్నే, బావి పక్క గుంటలో పోసిన టన్నూ ఒక టన్నే. రెండింటినీ "వినియోగం" అని ఒకే గంపలో వేశారు. రైతు దృష్టిలో ఈ రెండూ ఒకటి కావు.

గట్టిపడే వస్తువులో కలిపి బిగించేసిన వాడకం ఒక రకం. పోర్ట్‌ల్యాండ్ పొజొలానా సిమెంటు, మనం పీపీసీ అని అడిగి తెచ్చుకునేది, దాంట్లో నూటికి 15 నుంచి 35 పాళ్లు బూడిద ఉంటుంది. మనలో చాలామంది ఇళ్లు దానితోనే కట్టాం. ఇటుకలూ అంతే. బూడిద, సున్నం, జిప్సం కలిపి కాల్చకుండా ఇటుక చేసే ఫాల్-జి పద్ధతిని మన విశాఖపట్నంలోనే భానుమతిదాస్, కాళిదాస్ దంపతులు రూపొందించారు. బట్టీ అక్కర్లేదు, బొగ్గు అక్కర్లేదు, పొలం మట్టి అక్కర్లేదు. ఇందులో బూడిద సున్నంతో కలిసి రాయిలా బిగుస్తుంది కాబట్టి నీళ్లు లోపలికి దూరి లోహాలను కడుక్కుపోవడం చాలా తక్కువ.

(సభలోంచి ప్రశ్న: మా తమ్ముడు ఇటుకల యూనిట్ పెట్టాడు. దాన్నీ మూసేయమంటారా?)

ఎందుకు మూయాలి? చక్కగా నడపమనండి. కాకపోతే బూడిద కుప్ప మీద తడి ఉండాలి, కప్పాలి, పనిచేసేవాళ్లకు మాస్కులు ఇవ్వాలి. ఆ దుమ్ము చాలా సన్నం, అందులో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తుల్లో కూర్చుంటుంది. మన గొడవ యూనిట్‌తో కాదు. రేడియేషన్ వస్తుంది, బూడిద ఇటుకల ఇంట్లో ఉండొద్దు అని వాట్సాప్‌లో తిరిగేవాటిని కూడా నమ్మి బెంబేలు పడకండి. బూడిదలో యురేనియం, థోరియం కొద్దిగా ఉన్నమాట నిజమే, మట్టిలోనూ ఉంటాయి. మన దృష్టి పెట్టాల్సింది నీళ్ల మీద, దుమ్ము మీద.

రెండో రకం, విడి బూడిదను విడిగానే నేల మీద పోయడం. పల్లం పూడ్చడం, క్వారీ నింపడం, పొలంలో చల్లడం. ఇక్కడ వాన నేరుగా బూడిద మీద పడుతుంది, దానిగుండా దిగుతుంది. కాఫీ ఫిల్టర్‌లో పొడి వేసి నీళ్లు పోస్తే కింద డికాక్షన్ దిగినట్టు. పొడి ఎంత వేశామన్న దాని కన్నా, నీళ్లు ఎన్ని దిగాయి, ఎంతసేపు నానింది, ఆ నీళ్లు ఎలాంటివి అన్నదాన్ని బట్టి డికాక్షన్ చిక్కదనం ఉంటుంది.

ఒక ఎకరాన్ని ఒక మీటరు మెరక చేస్తే సుమారు నాలుగు వేల ఘనపు మీటర్లు, అంటే ఇంచుమించు నాలుగు వేల టన్నుల బూడిద. రెండు వందల టిప్పర్లు. టన్నుకు ఐదు గ్రాముల ఆర్సెనిక్ ఉందనుకుందాం, లెక్క కోసం మాత్రమే. ఎకరంలో ఇరవై కిలోలు. తాగే నీళ్లలో ఆర్సెనిక్ లీటరుకు పది మైక్రోగ్రాములు దాటకూడదని ప్రమాణం. ఒక్క కిలో కరిగితే పది కోట్ల లీటర్ల నీటిని ఆ హద్దుకు తెస్తుంది. అయితే ఆ ఇరవై కిలోలూ కరగవు. ఎక్కువ భాగం బూడిద రేణువుల్లోనే ఉండిపోతుంది. మామూలు మట్టిలో కూడా ఆర్సెనిక్ ఎంతో కొంత ఉంటుంది. కాబట్టి ఎవరైనా "బూడిదలో ఇంత ఆర్సెనిక్ ఉంది" అని భయపెడితే ఆగమనండి. "మట్టిలో ఉన్నంతే ఉంది" అని ధైర్యం చెప్పినా ఆగమనండి. ఎంత ఉంది అని కాదు, ఈ చోట, ఈ నీళ్లలో ఎంత కదులుతుంది అని అడగాలి.

దీన్ని తేల్చడానికి ల్యాబులో ఒక పరీక్ష చేస్తారు. పుల్లటి ద్రావణంలో బూడిద వేసి పద్దెనిమిది గంటలు తిప్పి, ఎంత దిగిందో చూస్తారు. టీసీఎల్‌పీ అంటారు. అది ఊరి చెత్త కుళ్లి పుల్లబడే డంపింగ్ యార్డుల కోసం తయారైన పరీక్ష. మన నల్లరేగడి నేలలు, మన బోరు నీళ్లు ఎక్కువగా క్షారం వైపు ఉంటాయి. ఆర్సెనిక్, సెలీనియం, మాలిబ్డినం క్షార నీళ్లలో బాగానే కదులుతాయి. కాబట్టి ఆ ఒక్క పరీక్షలో పాసైన కాగితం చూపిస్తే, "సార్, మా నీళ్లు పుల్లటివి కావు, మా నీళ్ల క్షార గుణంలో పరీక్ష చేశారా?" అని అడగండి. అమెరికాలో పర్యావరణ సంస్థ ఈ లోపం చూసే రకరకాల క్షార, ఆమ్ల స్థాయిల్లో, రకరకాల నీటి మోతాదుల్లో చేసే పరీక్షలు తయారు చేయించింది.

అమెరికా పేరు ఎత్తాను కాబట్టి ఒక ఊరు సంగతి. ఇండియానా రాష్ట్రంలో పైన్స్ అని చిన్న ఊరు. పక్క థర్మల్ బూడిదను ఊళ్లో రోడ్ల కింద, పల్లాల్లో పోశారు. చాలా ఏళ్లపాటు ఎవరికీ ఏమీ అనిపించలేదు. 2000 ప్రాంతంలో ఇళ్ల బావుల నీళ్లు పరీక్షిస్తే బోరాన్, మాలిబ్డినం హద్దు మీరి కనిపించాయి. చివరికి ఆ ఇళ్లకు వేరే చోటి నుంచి పైపులైన్ నీళ్లు తేవాల్సి వచ్చింది. ఆ దేశంలో 2015లో వచ్చిన బూడిద నిబంధనల్లో ఒక మాట ఉంది. రోడ్డు పనికి కాకుండా 12,400 టన్నులు, ఆపైన విడి బూడిద నేల మీద పోస్తే, దానివల్ల నీటికి, మట్టికి, గాలికి కలిగే హాని మామూలు మట్టి పోసినదాని కన్నా ఎక్కువ ఉండదని, లేదా ఆరోగ్య హద్దుల లోపలే ఉంటుందని పోసేవాడే రుజువు చేయాలి. వాళ్ల టన్ను మన టన్ను కన్నా కొంచెం చిన్నది. మన లెక్కలో అది మీటరు మందాన మూడెకరాలు కూడా నిండదు. మన దగ్గర ఒక్కో వెంచర్ ఎన్ని ఎకరాలు మెరక చేస్తోందో చూస్తున్నారు కదా. హాని జరిగిందని రైతే రుజువు చేయాలా, జరగదని పోసేవాడు రుజువు చేయాలా? నా వరకు ఈ అంశంలో ఇదే ముఖ్యమైన తేడా.

ఇక పొలంలో చల్లడం. మన పెద్దలు పొయ్యి బూడిద బీరపాదు మీద, వంగ మొక్కల మీద చల్లేవాళ్లు. ఆ అలవాటుతో బూడిద అనగానే మంచిదే అనిపిస్తుంది. పొయ్యిలోది కట్టె బూడిద, పొటాష్ ఉంటుంది. ఇది రాతి బొగ్గు బూడిద. నత్రజని దాదాపు సున్నా. గుణాలు లేవనను. ఇసుక నేలలో తేమ పట్టి ఉంచుతుంది, బిగుతు రేగడిని కొంత గుల్ల చేస్తుంది, ఆమ్ల నేలలకు క్షార గుణమున్న బూడిద సున్నంలా పనిచేస్తుంది. వ్యవసాయ శాస్త్రవేత్తలు భూసార పరీక్ష చేసి, మోతాదు కట్టి చేయించిన ప్రయోగాల్లో దిగుబడి పెరిగిన సందర్భాలూ ఉన్నాయి. నోటిఫికేషన్ కూడా మట్టి పరీక్ష ఆధారంగా, అదుపులో వాడమనే చెప్పింది. కాంట్రాక్టర్ చెప్పినన్ని టిప్పర్లు అని అందులో లేదు.

మీ పంటను బట్టి మీరే ఆలోచించండి. బోరాన్ మొక్కకు చిటికెడు కావాలి, చిటికెడు దాటితే విషం. నిమ్మ, బత్తాయి దాన్ని అసలు తట్టుకోలేవు. పెసర, నువ్వు, వేరుశనగ కూడా సున్నితమైనవే. ఆకు అంచులు పసుపెక్కి మాడిపోతాయి, మనం తెగులనుకుని మందు కొడతాం. పత్తి కొంత ఓర్చుకుంటుంది. వరి సంగతి వేరు. నీళ్లు నిలబెట్టిన మడిలో గాలి ఆడక, మట్టిలో ఉన్న ఆర్సెనిక్ వదులై నీళ్లలోకి వస్తుంది, వరి వేరు దాన్ని తేలిగ్గా పీల్చుకుంటుంది. అదే మట్టి మెట్టలో ఉంటే అంతగా కదలదు. కాబట్టి మాగాణిలో బూడిద చల్లించడానికి నేను ఒప్పుకోను. పశువులకు ఇంకో చిక్కు. బూడిద నేల మీద పెరిగిన పచ్చిమేతలో, ముఖ్యంగా పప్పుజాతి మేతలో, మాలిబ్డినం పేరుకుంటుంది. అది ఎక్కువైతే గేదెకు రాగి అందదు. పారుకోవడం, చిక్కిపోవడం, వెంట్రుక రంగు మారడం. డాక్టరుకు చూపించేటప్పుడు మేత ఎక్కడిదో కూడా చెప్పండి.

బూడిదంతా చెరువులోనే ఉంచేయమని మనం అనడం లేదు. 2020 ఏప్రిల్‌లో మధ్యప్రదేశ్ సింగ్రౌలీలో సాసన్ ప్లాంటు బూడిద చెరువు కట్ట తెగి ఆరుగురు చనిపోయారు. కట్ట కింద ఊళ్లకు ఆ భయం ఎప్పుడూ ఉంటుంది. బూడిద కదలాలి. సిమెంటుకు, ఇటుకకు, కాంక్రీటుకు కదలాలి. రోడ్డు కట్టల కిందికి పోయినా, పైన తారు, పక్కన మట్టి కప్పు సరిగా ఉంటే నీళ్లు దిగడం తక్కువ. ఊళ్లో పల్లం చూసి దాంట్లోకి కదలడాన్నే మనం నిలదీస్తున్నాం.

పల్లం అంటే వాన నీళ్లు నిలబడి ఇంకే చోటు. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు విజయవాడలోకి వచ్చినప్పుడు పల్లాలు, వాగులు పూడిపోతే ఏమవుతుందో చూశాం. దానికి కారణం బూడిద అని నేననను. బూడిద పోసినా, మట్టి పోసినా పూడిక పూడికే. బూడిద విషయంలో అదనపు చిక్కు ఏమంటే, పల్లంలో భూగర్భ జలం పైకే ఉంటుంది. వానాకాలం నాలుగు నెలలు బూడిద అడుగు నీళ్లలో నానుతుంది. డికాక్షన్ అప్పుడే దిగుతుంది.

మా మండలంలో జరిగింది చెబుతాను. రోడ్డు పక్క ఆరెకరాల పల్లం. యజమాని ఊళ్లో ఉండడు. సాగు చేస్తున్నది కౌలుదారు. యజమానికీ వెంచర్ వాళ్లకూ బేరం కుదిరింది, కౌలుదారుకు టిప్పర్లు వచ్చాకే తెలిసింది. పట్టా కట్టకుండా వచ్చే టిప్పర్ల దుమ్ము పక్క మిరప తోటల మీద ఆ సీజనంతా పడింది. రెండు వానాకాలాలు గడిచాక పక్క బోరు నీళ్లు ఉప్పదనం తిరిగాయి. పంచాయతీలో పెడితే అవతలివాళ్లు ఒకే ఒక్క మాట అడిగారు. "ఇంతకు ముందు నీళ్లు బాగున్నాయని కాగితం ఉందా?" లేదు. అక్కడితో పంచాయతీ ముగిసింది. బూడిద వల్లనే పాడైందని నేనూ కచ్చితంగా చెప్పలేను. ముందటి పరీక్ష లేకపోతే ఏ శాస్త్రవేత్తా చెప్పలేడు. ఆ కౌలు రైతు ఇప్పుడు తాపీ పనికి పోతున్నాడు.

అందుకని ఊళ్లో బూడిద మాట వినబడగానే, మొదటి టిప్పర్ రాకముందే చేయాల్సిన పనులున్నాయి. 2021 నోటిఫికేషన్ ప్రకారం పల్లాలు పూడ్చడానికి రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ముందస్తు అనుమతి ఉండాలి, కేంద్ర మండలి మార్గదర్శకాల ప్రకారమే చేయాలి. ఏ చోట, ఎంత విస్తీర్ణంలో, ఎన్ని టన్నులకు అనుమతి ఇచ్చారో ఏటా రాష్ట్ర మండలి తన వెబ్‌సైట్‌లో పెట్టాలి. మన సర్వే నంబరు ఆ జాబితాలో ఉందా చూడండి. లేకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి, ఒక ప్రతి తహసీల్దారుకు ఇవ్వండి. గ్రామసభలో తీర్మానం పెట్టేటప్పుడు "బూడిద వద్దు" అని ఒక్క వాక్యం రాసి ఊరుకోకండి. ఎన్ని టన్నులు, భూగర్భ జలం ఎంత లోతు, అర కిలోమీటరు లోపల ఎన్ని బావులు, బోర్లు ఉన్నాయి, పైన మట్టి కప్పు ఎంత మందం, నీళ్ల పరీక్ష ఎన్నేళ్లు ఎవరి ఖర్చుతో చేయిస్తారు, ఇవన్నీ ప్రశ్నలుగా రాయించండి. సాగు చేస్తున్న కౌలుదారు సంతకం లేకుండా ఏ ఒప్పందాన్నీ ఒప్పుకోమని రాయించండి.

నీళ్ల పరీక్ష ఎలా చేయించాలో చెప్పి ముగిస్తాను. అన్ని లోహాలకూ పరీక్ష చేయిస్తే ఖర్చు. మొదట బోరాన్, సల్ఫేట్, మొత్తం కరిగిన లవణాలు అంటే టీడీఎస్, క్షార గుణం చూడండి. బూడిద నీళ్లు దిగితే ముందుగా పరిగెత్తుకొచ్చేవి బోరాన్, సల్ఫేటే. ఆర్సెనిక్, సెలీనియం నిదానంగా వస్తాయి. మొదటివి పెరుగుతున్నాయంటే రెండో వాటికి పరీక్ష చేయించాలి. చేతిలో పట్టుకునే టీడీఎస్ మీటరు ఊరికొకటి కొనండి. అది రుజువుగా నిలబడదు గానీ, ఎప్పుడు ల్యాబుకు పంపాలో చెబుతుంది. నమూనా ఎండాకాలం చివర ఒకటి, వానలు తగ్గాక ఒకటి తీయాలి. పూడ్చే చోటుకు నీళ్లు వాలే వైపు బోరు రెండు, ఎగువన ఒకటి ఎంచుకోండి. ఎగువ బోరు లేకపోతే "ఈ ప్రాంతమంతా ఇంతే" అంటారు. మోటారు పది నిమిషాలు వదిలాక, అదే నీళ్లతో సీసా రెండుసార్లు తొలిచి, నిండా పట్టండి. ప్లాస్టిక్ సీసానే వాడండి. కొన్ని రకాల గాజులో బోరాన్ ఉంటుంది, లెక్క తప్పుతుంది. సీసా మీద తేదీ, రైతు పేరు, సర్వే నంబరు, బోరు లోతు రాసి, ఊళ్లో ఇద్దరు సాక్షి సంతకాలు పెట్టాలి, ఫోనులో ఫోటో తీయాలి. లోహాలకు కూడా పరీక్ష చేయించేటట్టయితే ల్యాబువాళ్లను ముందే అడిగి, వాళ్లు ఆమ్లం వేసి ఇచ్చే సీసా తెచ్చుకోండి.

సీసాలు ఈ హాలు వెనక గదిలో ఉన్నాయి. బూడిద మాట వచ్చిన నాలుగు ఊళ్లవాళ్లు మూడేసి చొప్పున, పేరు రాయించి తీసుకెళ్లండి. తొలకరి పడకముందే, ఈ నెలాఖరు లోపు సంఘం ఆఫీసుకు చేర్చాలి.